ఆఖరి ఉదాహరణ

వాడరేవులో ఎండుచేపల పందిళ్ళ వెనక మాలిక్ శవం దొరికింది. చేపల వ్యాపారి వేషంలో ఉన్నాడు. చెవి వెనక ఒక్కటే తూటా. జేబులో పర్సు ఉంది, చేతికి వాచీ ఉంది. ఫోన్ మాత్రం లేదు. చీరాల పోలీసులు దాన్ని వ్యాపార తగాదాగా రాసుకున్నారు. అలాగే రాసుకోమని వాళ్ళకి పైనుంచి చెప్పారు.

ఆ కబురు నతానియేలుకి తాడేపల్లిలో తెలిసింది. కృష్ణ ఒడ్డున, డ్రిప్ పైపులు అమ్మే దుకాణం పైఅంతస్తులో వాళ్ళ ఆఫీసు. రైతులు కింద పైపులు బేరమాడుతుంటారు. పైన దేశభద్రత నడుస్తుంటుంది. రెంటికీ మెట్లు ఒకటే.

చీఫ్ వెంకటరావమ్మ ఫ్యాన్ ఆపేసి కూర్చుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎంత పెద్ద విషయమైనా కూరగాయల ధర చెప్పినట్టే చెబుతుంది.

"కూర్చో నతానియేలూ. మాలిక్ పోయాడు."

నతానియేలు కూర్చోలేదు. ట్రైనింగ్‌లో ఇద్దరిదీ ఒకే గది. మాలిక్ అన్నం తింటూ పాటలు పాడేవాడు, తిట్టినా మానేవాడు కాదు. ఇప్పుడు అదొక్కటే గుర్తొచ్చింది.

"పోయేముందు ఒక మాట చేరవేశాడు," అంది వెంకటరావమ్మ. "పడవలో పేలుడు సామాను దిగింది. గుంటూరు చుట్టుపక్కల ఏదో ఒక కోల్డ్ స్టోరేజ్‌కి చేరింది. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా ట్యాంకుకి కడతారు. బయట యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తూ రెండు మూడొందల మంది ఆడవాళ్ళు ఉంటారు. ట్యాంకు పేలితే వాళ్ళకి లేచి నిలబడే టైమ్ కూడా ఉండదు."

"ఏ కోల్డ్ స్టోరేజ్ మేడమ్?"

"వందకి పైగా ఉన్నాయి. అన్నీ వెతకడం మొదలుపెడితే ఒక్క పూటలో కబురు పాకుద్ది. వెంటనే పేల్చేస్తారు. ఏ యార్డునీ ఖాళీ చేయించలేం."

నతానియేలుకి అక్క కొండమ్మ గుర్తొచ్చింది. ఆమె పనే అది. ముఖానికి గుడ్డ కట్టుకుని పొద్దున్నే ఆటో ఎక్కుతుంది. ఏ యార్డులో పని ఉంటే ఆ యార్డుకి.

"అక్కకి చెప్పొచ్చా?"

"ఆవిడ పక్కింటావిడకి చెప్పకుండా ఉంటుందా?"

ఉండదు. అతను కూర్చున్నాడు.

వెంకటరావమ్మ టేబుల్ మీద ఫోన్ పెట్టి ఒక ఆడియో వినిపించింది. తియ్యటి గొంతు. "గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్. టుడేస్ ఫ్రేజల్ వెర్బ్ ఈజ్..."

"ఫ్లూయెంట్ వింగ్స్. గుంటూరులో స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్. రోజూ పొద్దున ఒక పాఠం లైవ్‌లో వస్తుంది. వేలమంది వింటారు. వాళ్ళలో ముఠావాళ్ళు కూడా ఉన్నారు. ఆజ్ఞలన్నీ ఈ పాఠంలోనే వెళ్తున్నాయని మాలిక్ అనుమానం. నువ్వు ఆ క్లాసులో చేరుతున్నావ్."

"మేడమ్, నా ఇంగ్లిష్..."

"తెలుసు. నీ రిపోర్టులు చదివేది నేనే కదా. అందుకే నువ్వు. వేషం కూడా అక్కర్లేదు నీకు."

ఆమె ఒక పెన్ను ఇచ్చింది. మూత తీసి గుచ్చితే మనిషి రెండు మూడు క్షణాల్లో స్పృహ తప్పుతాడు. ఒక కళ్ళజోడు కూడా ఇచ్చింది, అందులో మైక్. దానిలో పడిన ప్రతి మాటా ఆమెకి వినిపిస్తుంది.

"గెలుస్తామంటారా?" అనడిగాడు తలుపు దగ్గర ఆగి.

"అనుకోవట్లేదు," అంది వెంకటరావమ్మ. "వెళ్ళు."

*

గుంటూరు ఆటోల వెనకంతా, ఆ పాఠాలు చెప్పే తేజశ్రీ ముఖమే. 'ఇక మీరూ మాట్లాడగలరు' అని నవ్వుతూ ఉంటుంది. మనిషి ఫొటో కన్నా అందంగా ఉంది. ముదురు నీలం చీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు, చెవులకి సన్నటి వెండి రింగులు. ఆమె గదిలోకి వస్తే ముందు వరసలో కుర్రాళ్ళు ఒకేసారి నిటారుగా కూర్చుంటారు.

నతానియేలు పేరు అక్కడ పేరయ్య. మిర్చి యార్డులో గుమస్తా. ప్రమోషన్ కోసం ఇంగ్లిష్ నేర్చుకుంటున్నాడు. రెండో వరసలో చోటిచ్చారు. పక్కన కోటేష్ అని కండలు తిరిగిన మనిషి. గది చివర అద్దాల క్యాబిన్‌లో ఓనర్ చైతన్యకృష్ణ కూర్చుంటాడు. తెల్లచొక్కా, బంగారు ఫ్రేము కళ్ళజోడు. ఎప్పుడూ నవ్వుముఖమే.

క్రియల పక్కన చేరే చిన్నమాటలే నతానియేలుని చంపుకుతిన్నాయి. గివ్ అంటే ఇవ్వడం. బాగానే ఉంది. గివ్ అప్ అంటే వదులుకోవడమట. గివ్ ఇన్ అంటే లొంగిపోవడమట. గివ్ అవే అంటే రహస్యం బయటపెట్టడమట. ఇవ్వడం ఎక్కడ, లొంగడం ఎక్కడ?

"పేరయ్య గారూ, బాగా బెంగపడుతున్నట్టున్నారు," అంది తేజశ్రీ. "కొట్టు అంటే ఏంటండీ?"

"కొట్టడమేనండి."

"కొట్టేశాడు అంటే?"

"దొంగిలించాడని."

"కొట్టుకుపోయాడు?"

"ఏటి నీళ్ళలో పోయాడని."

"కొట్టిపారేశాడు?"

"మాట లెక్కచెయ్యలేదని."

"ఇవన్నీ మీకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. విన్నారు, వచ్చేసినయి. ఇంగ్లిష్‌వాడూ అంతే. క్రియకి ఒక తోక తగిలిస్తాడు. తోక మారితే జంతువే మారిపోతుంది. జంతువుని చూడకండి, తోకని చూడండి."

క్లాసంతా నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది, ఏం పని మీద వచ్చాడో ఒక్క క్షణం మర్చిపోయి. జీవితంలో మొదటిసారి ఆ భాష అతనికి కాస్త దగ్గరికి జరిగింది.

మర్నాడు ఆమె ఒక ప్రశ్న వేసింది. వానవల్ల మ్యాచ్ ఇక జరగనే జరగదు, రద్దయింది, ఇంగ్లిష్‌లో ఎలా చెబుతారు?

"పుట్ ఆఫ్ అండి," అన్నాడు నతానియేలు.

"అది వాయిదా. రద్దుకి కాల్ ఆఫ్. గుర్తుపెట్టుకోండి. వాయిదాలో కాస్త ఆశ ఉంటుంది. రద్దులో ఏమీ ఉండదు."

ఆ తర్వాతి రోజూ అదే ప్రశ్న, అదే తప్పు. నాలుక ఆ రెంటి మధ్యా ఎప్పుడూ పుట్ వైపే జారేది.

వారం గడిచింది. అతనికి దొరికింది ఏమీ లేదు. వేలమంది వింటున్న పాఠంలో ఏ మాట ఎవరికో తెలియదు. కొండమ్మ రోజూ ఫోన్ చేసి ఈపూట ఫలానా యార్డు అని చెప్పేది. అతను ఊఁ కొట్టేవాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చునేవాడు.

ఆ సాయంత్రం క్లాసయ్యాక తేజశ్రీ మెట్ల దగ్గర ఆపింది.

"ఈసారి మిర్చికి రేటు ఉంటుందంటారా?"

అది వాళ్ళ గుర్తుమాట. మాలిక్‌కి తెలుసు, తనకి తెలుసు, చీఫ్‌కి తెలుసు.

"ఉంటే మాత్రం, మనకేం మిగులుద్ది," అన్నాడు. ఇవ్వాల్సిన జవాబు అదే.

"మీ కళ్ళజోడుకి పవర్ లేదు పేరయ్య గారూ. బోర్డు చూసేటప్పుడు దాని మీదనుంచి చూస్తున్నారు. నేను కనిపెట్టాను కాబట్టి సరిపోయింది. రండి."

వీధి చివర టీకొట్టు పక్కన నిలబడి చెప్పింది. రెండేళ్ళ కిందట గొంతు బావుందని చైతన్యకృష్ణ ఉద్యోగం ఇచ్చాడు. రాసిచ్చింది చదవడమే పని. ఒకరోజు 'బర్న్ డౌన్' పాఠం చదివింది. ఆ వారమే చిలకలూరిపేట దారిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు తగలబడింది. లోపల ఇద్దరు వాచ్‌మన్లు ఉన్నారు. ఆమె అడిగింది. చైతన్యకృష్ణ నవ్వుతూనే చెప్పాడు, ఇక నువ్వూ మాలో మనిషివేనని. పైన ఉన్నవాళ్ళు ఈ దేశం వాళ్ళు కారు, వాళ్ళ ముఖాలు అతనూ చూడలేదట.

"మాలిక్ గారు నన్ను కనిపెట్టారు. నా పేరు ఎవరికీ చెప్పనన్నారు. అప్పట్నుంచి తెలిసిందంతా ఆయనకి చేరవేశాను. వాళ్ళ దగ్గర జీతం తీసుకుని మీకు పనిచేశాను."

"మాలిక్ ఎలా పోయాడు?"

ఆమె చేతి గ్లాసులో టీ చల్లారిపోయింది.

"ఆ రోజు పాఠం 'టేక్ అవుట్'. లేపేయడమని అర్థం. ఉదాహరణలో చేపలవాడున్నాడు. చదివేశాక తెలిసింది. లైవ్ అది. నోట్లోంచి వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోదు కదండీ."

నతానియేలుకి ఆ గొంతుని అక్కడే నులిమేయాలనిపించింది. ఆ గొంతు తప్ప తనకి వేరే దారి లేదని కూడా తెలుసు.

"కిటుకు చెప్పు," అన్నాడు. గారు, అండీ రెండూ పోయాయి.

"నాకూ పూర్తిగా అర్థమైంది మాలిక్ గారు పోయాకే. పాఠంలో ఆఖరి ఉదాహరణే ఆజ్ఞ. ముందు చెప్పినవన్నీ మామూలు పాఠం. ఆఖరిది నేను చదువుతాను, లేదా కోటేష్ లేచి డౌటు అడిగినట్టు చెప్తాడు. కాల్ ఆఫ్ అంటే పని మానేసి చెదిరిపొమ్మని. పుట్ ఆఫ్ అంటే మళ్ళీ చెప్పేదాకా అక్కడే ఉండమని. పాఠం మధ్యలో తెగిపోతే, మమ్మల్ని పట్టుకున్నారని అర్థం. అప్పుడు పని కానిచ్చేస్తారు. వైరు కోసినా, కరెంటు తీసినా అంతే."

"ఏ కోల్డ్ స్టోరేజ్?"

"తెలీదు. తెలిస్తే ఎట్టాగైనా చెప్తాను. రేపు చైతన్యకృష్ణ ఊరు దాటిపోతున్నాడు. అంటే రేపే."

కళ్ళజోడులోంచి అంతా విన్న వెంకటరావమ్మ ఫోన్ చేసింది. "నమ్ముతున్నావా?"

"లేదు మేడమ్."

"నేనూ నమ్మట్లేదు. వేరే ఏముంది మన దగ్గర?"

ఏమీ లేదు.

*

పొద్దున క్లాసు నిండిపోయింది. బోర్డు పక్కన మైక్ మీద ఎర్రలైటు వెలిగింది. వెంకటరావమ్మ మనుషులు కొందరు కింద పార్కింగ్‌లో, మిగిలినవాళ్ళు ఊరికి నాలుగు వైపులా వ్యాన్లలో కూర్చున్నారు. ఎటు పోవాలో ఎవరికీ తెలియదు.

కొండమ్మ ఆ పొద్దున ఫోన్ చెయ్యలేదు. అతను చేస్తే ఎత్తలేదు. పనిలో కూర్చుంటే ఎత్తదు.

తేజశ్రీ క్యాబిన్‌లోంచి వచ్చింది. చేతిలో చైతన్యకృష్ణ ఇచ్చిన కాగితం. ముఖంలో రక్తం లేదు. మైక్ ముందు నిలబడగానే ఆ గొంతు మాత్రం ఎప్పటిలాగే తియ్యగా వచ్చింది.

"గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్. టుడేస్ ఫ్రేజల్ వెర్బ్ ఈజ్ సెట్ ఆఫ్. దీనికి రెండు అర్థాలు. ఒకటి, ప్రయాణమై బయల్దేరడం. రెండోది, బాంబులాంటిది పేల్చడం."

నతానియేలు పెన్ను మూత వదులు చేసుకున్నాడు.

ఆమె ఒకటి రెండు మామూలు ఉదాహరణలు చెప్పింది. పిల్లలు బడికి బయల్దేరారు. రైతు యార్డుకి బయల్దేరాడు. తర్వాత కాగితం వైపు చూసింది. చూసి, దాన్ని బోర్లా పెట్టింది.

"మై సిస్టర్ సెట్ ఆఫ్ ఫర్ నల్లపాడు దిస్ మార్నింగ్. మా అక్క ఈ పొద్దున నల్లపాడు బయల్దేరింది. స్టేషన్ దాటాక మొదటి కోల్డ్ స్టోరేజ్‌లో ఆమెకి పని."

నల్లపాడు. క్యాబిన్‌లో ఆ పేరు ఆమె చెవిన పడి ఉంటుంది. ఊరవతల వ్యాన్లు కదిలి ఉంటాయి. ఎంత తోలినా ట్రాఫిక్‌లో అరగంట పడుతుంది.

క్యాబిన్ తలుపు తెరుచుకుంది. చైతన్యకృష్ణ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. నవ్వు చెదరలేదు. మైక్‌కి దూరంగా, ఆమె మోచెయ్యి పట్టుకుని చిన్నగా అన్నాడు. "మేడమ్, మీకు ఫోన్ వచ్చింది."

ఆమె అతని వెంట నడిచింది. నతానియేలు పక్కనుంచే వెళ్ళింది. అతని వైపు చూడలేదు. చూస్తే అతను బయటపడిపోతాడని ఆమెకి తెలుసు. మెట్లవైపు తలుపు మూసుకుంది.

ఆమె వెనకే లేవాలి. లేచి నాలుగంగల్లో ఆ తలుపు తోస్తే చాలు. అంతలో కోటేష్ కుర్చీ జరిగింది. కోటేష్ లేచి, మైక్ తన వైపు తిప్పుకున్నాడు.

"రెండో అర్థానికి ఉదాహరణ నేను చెప్తానండీ," అన్నాడు గట్టిగా. "ద బాయ్ సెట్ ఆఫ్ ద..."

నతానియేలు పెన్నుని కోటేష్ తొడలోకి దింపాడు. కోటేష్ నోరు ఆ మాట మీదే ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి నతానియేలు మెడ మీదకి వచ్చింది, పట్టు బిగిసింది, వదులైంది. నతానియేలు అతన్ని భుజం పట్టి, నిద్రొచ్చిన వాణ్ణి కూర్చోబెట్టినట్టు కుర్చీలో కూర్చోబెట్టాడు.

గది నిశ్శబ్దం. మైక్ మీద ఎర్రలైటు. నల్లపాడులో ఎవడో, ఊరి పేరు విని ఆజ్ఞ తనకేననుకుని, చెవికి ఫోన్ పెట్టుకుని ఆ వాక్యం ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే పాఠం తెగిపోయిందనుకుంటాడు.

ఇప్పుడు తను పేల్చడం కాని మాట చెప్పాలి. కాల్ ఆఫ్. ఆ మాట అతనికి తెలుసు. నాలుక చివరనే ఉంది.

తలుపవతల మెట్ల మీద ఏదో బరువుగా పడిన చప్పుడు.

"సారీ సార్," అన్నాడు మైక్‌లోకి. "ద ఫంక్షన్ ఈజ్... ద ఫంక్షన్ ఈజ్ పుట్ ఆఫ్."

అన్నాక తెలిసింది తప్పు చెప్పానని. దిద్దుకోబోయాడు. దిద్దితే అది మరో ఉదాహరణ అవుతుంది, వినేవాడికి అనుమానం వస్తుంది. ఇక చేసేదేమీ లేదు. వెనక్కి తిరిగి క్లాసుని చూశాడు. ముప్ఫై మంది నోళ్ళు తెరుచుకుని తననే చూస్తున్నారు.

"రిపీట్," అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"రిపీట్ చెయ్యండి. అందరూ."

ముందు వరసలో ఒకమ్మాయి అంది. తర్వాత అందరూ అన్నారు. "ద ఫంక్షన్ ఈజ్ పుట్ ఆఫ్." మళ్ళీ చెప్పించాడు. రోజూ పాఠం చివర్లో వచ్చే మ్యూజిక్ ఎక్కడ నొక్కాలో వెతికి నొక్కాడు. అది మొత్తం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఎర్రలైటు ఆరింది.

అప్పుడు పరిగెత్తాడు.

తేజశ్రీ మెట్ల మలుపులో గోడకి ఆనుకుని కూర్చున్నట్టుంది. మెడలో సన్నటి తీగ. ఒక వెండి రింగు కింద మెట్టు మీద పడి ఉంది. అతను నాడి చూశాడు. చూసి, మళ్ళీ చూశాడు. కుడిచేతి వేళ్ళకి బోర్డు మార్కర్ మరక ఇంకా నీలంగానే ఉంది.

కింద పార్కింగ్‌లో వెంకటరావమ్మ మనుషులు చైతన్యకృష్ణని పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. చొక్కా సర్దుకుని, లాయర్‌తో మాట్లాడాలన్నాడు.

*

నల్లపాడులో కంప్రెసర్ గదిలో ఇద్దరు దొరికారు. మెకానిక్కులుగా చేరినవాళ్ళు. మళ్ళీ పాఠం వచ్చేదాకా అక్కడే ఉండాలి కాబట్టి టిఫిన్ పొట్లాలు విప్పుకుని కూర్చున్నారు. ట్యాంకుకి కట్టిన సామాను కట్టినట్టే ఉంది. పోలీసులు గది చుట్టుముట్టేదాకా వాళ్ళకి తెలియలేదు.

"కాల్ ఆఫ్ అని ఉంటే చెదిరిపోయేవాళ్ళు," అంది వెంకటరావమ్మ తాడేపల్లిలో. "సామాను తీసుకుని ఇంకో ఊళ్ళో తేలేవాళ్ళు. వాయిదా అన్నావు కాబట్టి దొరికారు. చాలా తెలివైన నిర్ణయం అని రిపోర్టులో రాశాను."

"నేను కాల్ ఆఫ్ అందామనుకున్నాను మేడమ్."

"అది రాయలేదు."

కిటికీలోంచి కృష్ణ కనిపిస్తోంది. నీళ్ళు తగ్గి ఇసుకమేటలు తేలాయి. ఆ వాక్యం చెప్పడానికి పట్టిన సమయంలో నతానియేలు ఆ తలుపు తెరవగలిగేవాడు. తెరిచి ఉంటే యార్డులో ఎంతమంది పోయేవాళ్ళో అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ చప్పుడు చెవిలోంచి పోవట్లేదు.

ఫోన్ మోగింది. కొండమ్మ.

"ఏందిరా ఎన్నిసార్లు చేశావు? నల్లపాడులో పనిలో ఉన్నాం. పోలీసోళ్ళు వచ్చి కర్రలూపుకుంటా అందర్నీ బయటికి తోలారు. ఎందుకో చెప్పరు, ఏం లేదు. ఈపూట పని పాయె. గోతాల మీద పెట్టిన అన్నం గిన్నె కూడా తెచ్చుకోనియ్యలేదు."

"పోనీలే అక్కా."

"నీ గొంతేంది అట్టా ఉంది?"

"మిర్చి ఘాటు."

"గుడ్డ కట్టుకోరా ముక్కుకి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆమె పెట్టేసింది. కింద దుకాణంలో ఒక రైతు పైపు మందం గురించి గట్టిగా వాదిస్తున్నాడు.

"చైతన్యకృష్ణ నోరు విప్పడు," అంది వెంకటరావమ్మ. "విప్పినా అతనికి పైవాళ్ళు తెలీదు. వాళ్ళు ఎక్కడో కూర్చుని రేపటి పాఠం వింటారు. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది వింటారో మనకి తెలీదు. పాఠం ఆగితే ఏమవుతుందో నీకు తెలుసు."

"తెలుసు."

"మేడమ్ సెలవులో ఉన్నారని పెట్టించాను. రేపట్నుంచి నువ్వు."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వట్లేదు.

"మాలిక్‌ని చంపించిన గొంతు అది," అన్నాడు చివరికి. "నిన్నటిదాకా ఆమెని అసహ్యించుకున్నాను మేడమ్."

"ఇవ్వాళ?"

అతను తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు పొద్దున గుంటూరులో ఆటోలు ఆమె ముఖాన్ని వెనక తగిలించుకుని ఎప్పటిలాగే తిరిగాయి. గదిలో కోటేష్ కుర్చీ తీసేశారు. విద్యార్థులు వచ్చి కూర్చున్నారు, కొందరు రాలేదు. నతానియేలు మైక్ ముందు నిలబడి ఎర్రలైటు వెలిగేదాకా ఆగాడు.

"గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్. టుడేస్ ఫ్రేజల్ వెర్బ్ ఈజ్ క్యారీ ఆన్. అంటే, ఏమీ జరగనట్టు పని చేసుకుపోవడం."

ఉదాహరణ కోసం ఆ రోజు అతను వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు.